నాన్న నోట మిగిలిన మాట

మా నాన్న గొంతు చాలా బాగుండేది. తెల్లవారగానే బావి దగ్గర స్నానం చేసి, తడిపంచెతోనే పెరట్లో తూర్పుకు తిరిగి నిలబడి రాముడి శ్లోకాలు చదివేవారు. పుస్తకం అక్కర్లేదు. ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో వాళ్ళ నాన్న దగ్గర చిన్నప్పుడే నేర్చుకున్నారట. పాలకు వచ్చినవాళ్ళు చెంబు పట్టుకుని ఆయన ముగించేదాకా కదలకుండా నిలబడేవాళ్ళు. "మీ నాయన చదువుతుంటే గుడికి పోయినట్టే ఉంటది బిడ్డా" అని నాతో అనేవాళ్ళు. నాకు గర్వంగా ఉండేది.

చదవడం అయ్యాక ఆయన కొట్టం వైపు వెళ్ళేవారు. పేడ తీయలేదనో, కుడితి పెట్టలేదనో అక్కడి నుంచి తిట్లు మొదలయ్యేవి. గొంతు అదే. అంతే స్పష్టంగా, ఒక్క అక్షరం కూడా జారకుండా వినిపించేవి. 'చావు' అన్నది ఆయన ఊతపదం. ఎద్దు మొండికేస్తే చావు, తాడు తెగితే చావు, అమ్మ కూరలో ఉప్పు మరిచిపోతే చావు. రోజూ విని విని అక్కకూ నాకూ అది తిట్టని కూడా అనిపించేది కాదు. అమ్మకు మాత్రం ఎన్నేళ్ళయినా అలవాటు కాలేదు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆమె చేతిలో పని ఒక్క క్షణం ఆగేది.

మేము కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్ళం. డెబ్బైల మొదట్లో, నాకు ఐదేళ్ళప్పుడు, అక్కడి పొలం వదులుకుని ఏన్కూరు అవతల అడవి అంచున ఒక ఊళ్ళో స్థిరపడ్డాం. భద్రాచలం దగ్గరవుతుందని కూడా నాన్న ఆ వైపు మొగ్గారని అమ్మ చెప్పేది. మేము మాట్లాడేది ఒక రకం, ఊళ్ళో వాళ్ళు మాట్లాడేది ఒక రకం. వాళ్ళ మాటను నాన్న ఇంట్లో వెక్కిరించేవారు. "ఏంది, గిట్ల, గట్ల" అంటూ వాళ్ళలా పలికి నవ్వించేవారు. మేం కూడా నవ్వేవాళ్ళం.

మా చేను పక్కనే లంబాడా తండా ఉండేది. ఆ తండాలో ఒక పెద్దాయన మాకు దుక్కి దున్నడానికి వచ్చేవారు. నాన్న కంటే పదేళ్ళయినా పెద్ద. ఇప్పుడు నేను 'వచ్చేవారు' అని రాస్తున్నాను గానీ అప్పుడు మా ఇంట్లో ఆయన గురించి ఎవరూ అలా అనేవాళ్ళు కాదు. నాన్న ఆయన్ని 'ఒరేయ్' అని పిలిచేవారు. ఆయన నాన్నను 'నువ్వు' అనేవారు. తండాలో చాలామంది అంతే, ఎవరితోనైనా 'నువ్వు' అనే మాట్లాడేవాళ్ళు. ఫారెస్టు ఆఫీసరు వచ్చినా నువ్వే, దేవుడికి మొక్కినా నువ్వే. అందులో అమర్యాద లేదని నాన్నకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవారు కాదేమో.

నాకు ఏడేళ్ళున్నప్పుడు అరుగు మీద కూర్చుని, నాన్నలాగే, "ఒరేయ్, నీళ్ళు తే" అన్నాను ఆ పెద్దాయనతో. ఆయన కొంచెంసేపు నా వైపు చూసి, కుండలోంచి చెంబుడు నీళ్ళు ముంచి తెచ్చారు. నాన్న పగలబడి నవ్వారు. "నా కూతురే" అన్నారు. లోపల్నుంచి అక్క వచ్చింది. అప్పుడు దానికి పన్నెండేళ్ళు. మొహం ఎర్రగా అయిపోయింది. ఆయన చేతిలోంచి చెంబు తీసుకుని, "మీరు తాగండి తాతా" అని ఆయనకే తిరిగి ఇచ్చింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

అక్క మాట నెమ్మది. నాన్న ఎంత అరిచినా 'అండి' అనకుండా బదులు చెప్పేది కాదు. మా ఇద్దరికీ నాన్నను 'మీరు' అనడం అమ్మ నేర్పింది. నేను భయంతో అనేదాన్ని. అక్కకు ఆ మాట సహజంగా ఉండేది.

అక్కకు పదహారు నిండిన ఏడాది వానలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చాక ఆగలేదు. నారుమడిలో మిరపనారు ముదిరిపోతోంది, నాటు వేద్దామంటే చేలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. వాన వెలిసి నేల కాస్త ఆరిన రోజే నాటాలి. నాన్న రోజుకు పదిసార్లు ఆకాశం వైపు చూసి విసుక్కునేవారు. అక్కకు అప్పటికి మూడు రోజులుగా చలిజ్వరం వచ్చి పోతోంది. అడవి పక్క ఊళ్ళలో వానాకాలం చలిజ్వరం తగలని ఇల్లు ఉండేది కాదు. మాత్రలు మింగి, రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంటే తగ్గేది. అందుకే ఎవరమూ పెద్దగా పట్టించుకోలేదు.

నాలుగో రోజు పొద్దున ఎండ కాసింది. అక్క మంచం మీద నుంచి లేవలేదు.

"నారు ముదిరి పాడవుతుంటే మంచమెక్కి పడుకుంటే ఎట్లా? లే" అన్నారు నాన్న.

"ఒళ్ళు తూలిపోతోంది నాన్నా. కాసేపాగి వస్తానండి" అంది అక్క.

"కాసేపాగితే ఎండెక్కుద్ది. రోజూ ఈ మూలుగెందుకు, ఒకేసారి చావు. పీడ పోద్ది."

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "ఒళ్ళు కాలే పిల్లను పట్టుకుని ఆ మాట అనమాకండి" అంది. నాన్న మాటకు ఆమె అడ్డురావడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తండా పెద్దాయన అప్పుడే నాగలి కోసం వచ్చి గడప బయట నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. "నువ్వు గట్ల అనకు" అన్నారు నాన్నతో. "పిల్ల కండ్లు చూడు, పచ్చగైనయ్. దవాఖానాకు తీస్కపో. నారు రేపైనా నాటొచ్చు."

నాన్న ఒక్కసారిగా ఆయన మీదికి తిరిగారు. "నన్ను నువ్వంటావేంట్రా? నా ఇంట్లో నాకు చెప్పేంతవాడివా? నడువు బయటికి."

ఆయన నాగలి తీసుకోకుండానే వెళ్ళిపోయారు. ఆ గొడవ చూసి అక్క మంచం దిగింది. జడ ముడేసుకుని, "వస్తున్నానండి" అంది.

మేమిద్దరం నారుమడిలో కూర్చుని నారు పీకాం. నేను దాని పక్కనే ఉన్నాను. దాని చేతులు వణుకుతుంటే మొక్కలు వేళ్ళ దగ్గర తెగిపోతున్నాయి. తెగినవి నాన్న కంటపడకుండా మట్టిలోకి తోసేసింది. "నాన్నకు చెప్పొద్దే" అంది నాతో. నేను చెప్పలేదు. మధ్యాహ్నం కట్ట కట్టబోతూ నారు మీదికే ఒరిగిపోయింది.

ఇంటికి మోసుకొచ్చి, మాత్ర మింగించి పడుకోబెట్టాం. రాత్రంతా వాన. తెల్లారేసరికి అక్కకు మనుషులు తెలియడం లేదు. ఊరి బయట వాగు పొంగింది. మా బండి దాటే పరిస్థితి లేదు. మంచం మీద మోసుకుపోవాలంటే వాగు తెలిసినవాళ్ళు కావాలి, ఆ వాగు తెలిసింది తండావాళ్ళకే. నాన్న తండాకు పరుగెత్తారు. నేను వెనకాలే వెళ్ళాను. పెద్దాయన గుడిసె ముందు నాన్న నిలబడ్డారు గానీ నోట మాట రాలేదు. ఎలా పిలవాలో తెలియలేదనుకుంటాను. నోటికి అలవాటైన పిలుపు ఒక్కటే, అది ఆ రోజు పలకలేకపోయారు. పెద్దాయన నాన్న మొహం చూసి, ఏమీ అడక్కుండా, లోపల్నుంచి తాడు తీసుకుని బయటికి వచ్చారు. తమ భాషలో కేకేసి ఇంకో ముగ్గురిని పిలిచారు.

నులకమంచానికి రెండు కర్రలు కట్టి అక్కను ఎత్తుకున్నారు. వాగు దగ్గర నీళ్ళు తగ్గేదాకా ఆగాల్సి వచ్చింది. మంచం ఒడ్డున దించి, మీద గోనెపట్టా కప్పారు. అమ్మ తల దగ్గర, నాన్న కాళ్ళ దగ్గర కూర్చున్నారు. అక్క మాట్లాడడం మొదలుపెట్టింది. కళ్ళు మూసుకునే ఉన్నాయి.

"ఇంకొక్క మడే ఉంది నాన్నా. అయిపోతుందండి. కట్టలు కట్టేశానండి. తెగినవి కొన్నేనండి."

మళ్ళీ మళ్ళీ అవే మాటలు. జ్వరం తలకెక్కి తెలివి లేని స్థితిలో కూడా అది 'అండి' విడిచిపెట్టలేదు. నాన్నను ఒక్క మాట అనలేదు. చివరికి నాన్న లేచి వాగు వైపు తిరిగి నిలబడ్డారు. ఆయన వీపు నాకు గుర్తుంది. పెద్దాయన మంచం పక్కన గొంతుకూర్చుని, "సరే బిడ్డా, అయిపోయింది, ఇంక లే. ఇంటికి పోదాం" అని దానికి బదులు చెబుతూ కూర్చున్నారు. ఆయన బదులిచ్చినప్పుడల్లా అది కాసేపు నెమ్మదించేది.

మధ్యాహ్నం దాటాక వాగు దాటాం. రోడ్డెక్కాక ఒక లారీ ఆపి ఎక్కించారు. ఖమ్మం ఇంకా సగం దూరం ఉందనగా అక్క మాట ఆగిపోయింది. అమ్మకు ముందు తెలిసింది. డ్రైవరుతో ఆపమని చెప్పలేక, అలాగే ఖమ్మం దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత మా పెరట్లో శ్లోకాలు వినిపించలేదు. కొట్టంలో తిట్లూ వినిపించలేదు. నాన్న స్నానం చేసి, తూర్పుకు తిరిగి కాసేపు నిలబడి, నోరు తెరవకుండా లోపలికి వచ్చేసేవారు. దేవుడి మీద కోపం వచ్చిందని ఊళ్ళో అనుకున్నారు. అమ్మ కూడా అదే అనుకుని, కొన్ని నెలల తర్వాత ఒక పొద్దున, "ఒక్కసారి చదవండి. పిల్లకు కూడా ఇష్టంగా ఉండేదిగా" అంది.

"నోరు తెరిస్తే ఆ మాటే వస్తుందేమోనని భయంగా ఉందే" అన్నారు నాన్న.

ఏటా నవమికి భద్రాచలం వెళ్ళడం మాత్రం మానలేదు. ఒకసారి నేనూ వెళ్ళాను. చుట్టూ అందరూ గొంతెత్తి రాముణ్ణి పిలుస్తుంటే ఆయన కండువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. దండం కూడా పెట్టలేదు. రెండు చేతులతో ఆ కండువానే పట్టుకున్నారు.

అక్క పోయిన మరుసటి ఏడు దుక్కుల కాలానికి నాన్న తండాకు వెళ్ళి పెద్దాయనను పిలిచారు. "మీరు రావాలి" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. పెద్దాయన ఇబ్బందిగా వెనక్కి తిరిగి చూశారు. "నన్ను మీరంటే ఇంకెవరినో పిలిచినట్టున్నది. నువ్వనే అను" అన్నారు. నాన్న తల వంచుకుని, "నా మాట వల్లే పోయిందంటావా పిల్ల?" అని అడిగారు. అంతకాలంగా లోపల పెట్టుకున్న ప్రశ్న అనుకుంటాను. ఇంట్లో అమ్మను ఎన్నడూ అడగలేదు.

"మాటకు పోలే. జరమొచ్చి పోయింది" అన్నారు పెద్దాయన. కాస్త ఆగి, "కాని ఆ మాట వినుకుంట పోయింది" అన్నారు.

కోపంతో అన్నది కాదు అది. అడిగినదానికి ఉన్నది చెప్పారు, అంతే. నాన్న సరేనన్నట్టు తలూపారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు, ఆ పెద్దాయన చనిపోయేదాకా, ఇద్దరూ కలిసి చేలో పని చేశారు. నాన్న ఆయన్ని 'నువ్వు' అనేవారు. 'ఒరేయ్' అనడం నేను మళ్ళీ వినలేదు.

నేను చదువుకుని ఖమ్మంలో తెలుగు టీచరునయ్యాను. తొంభైల మొదట్లో నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట పోయింది. ఖానాపురం హవేలిలో నేను కిరాయికుంటున్న మేడ మీది గదులకు నాన్నను, అమ్మను తెచ్చుకున్నాను. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు.

వారం రోజులకు నాన్న నోటి నుంచి మొదటి మాట వచ్చింది. నేను పక్కనే కూర్చుని అన్నం కలుపుతున్నాను.

"చావు."

స్పష్టంగా, పాత గొంతుతో అన్నారు. అమ్మ చేతిలో గ్లాసు అలాగే ఆగింది. నాన్న కళ్ళు పెద్దవయ్యాయి. తను అన్నది తనకే వినిపించింది. ఎడమచేత్తో నోరు మూసుకోబోయారు. అది సరిగా అందక గడ్డం మీద పడింది.

ఆ రోజు నుంచి ఆయనకు ఉన్న మాట అదొక్కటే. నీళ్ళు కావాలన్నా అదే, పక్క మార్చమన్నా అదే, ఎవరో వచ్చారని చెప్పాలన్నా అదే. డాక్టరు వివరంగా చెప్పాడు. మాటలు కూర్చుకునే చోటు మెదడులో దెబ్బతిన్నదట. నోటికి బాగా అలవాటైన తిట్లు, ప్రార్థనలు, ఒకటి రెండు లెక్కపెట్టడం లాంటివి కొందరిలో మిగులుతాయట. "ఆయన మిమ్మల్ని తిట్టడం లేదమ్మా. ఆ మాటకు ఇప్పుడు అర్థం లేదు" అన్నాడు.

"ప్రార్థనలు కూడా మిగులుతాయంటున్నారు కదా. నలభై ఏళ్ళు రోజూ శ్లోకాలు చదివిన మనిషి. అవి ఎందుకు మిగల్లేదు?" అని అడిగాను.

"ఏది మిగులుతుందో చెప్పలేం" అన్నాడాయన.

ఒకరోజు పొద్దున అమ్మ మంచం పక్కన కూర్చుని, తనకు రాని రాగంలో, తడబడుతూ, నాన్న చదివే మొదటి శ్లోకం ఎత్తుకుంది. ఆయనకు అందుతుందేమోనని. నాన్న ఆమె మొహమే చూస్తూ పెదవులు కదిపారు. మెడ మీద నరాలు తేలాయి. అమ్మ ఆపి, ఆశగా చూసింది. వచ్చింది ఆ మాటే. ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నారు. భుజం అదరడం కనిపించింది. అమ్మ మళ్ళీ ఎప్పుడూ అలా చదవలేదు.

అమ్మ ఆ ఒక్క మాటలోనే ఆయన ఏం అడుగుతున్నారో పోల్చుకోవడం నేర్చుకుంది. గొంతు పైకి లేస్తే నీళ్ళు, సాగదీస్తే నడుము నొప్పి. "ఇదిగో, తెస్తున్నానండి" అని వంటగదిలోంచి బదులిచ్చేది. జీవితమంతా ఆ మాటకు ఉలిక్కిపడ్డ మనిషి ఆఖరికి ఆ మాటతోనే కాపురం చేసింది. కింది ఇంటివాళ్ళకు మాత్రం అది సాధ్యం కాలేదు. ఒక ఆదివారం ఇల్లుగలావిడ పైకి వచ్చింది. మంచి మనిషి, నాన్నను తెచ్చిన రోజు మెట్ల మీద ఓ చెయ్యి వేసింది కూడా.

"టీచరమ్మా, ఏమనుకోకు. మా బిడ్డ కడుపుతోని ఉన్నది. పొద్దున లేవంగనే గా మాట చెవిల పడుతున్నది. భయపడుతున్నది" అంది.

"జబ్బు వల్ల అంటున్నారండి. ఆయన మనసులో ఏమీ లేదు" అన్నాను.

"అవ్, ఉండదు. కాని మాకు మాటే కదా వినపడేది" అంది ఆమె. ఆమె తప్పు ఏమీ లేదు. నెలాఖరుకు వీధి చివర వేరే ఇల్లు చూసుకున్నాం.

ఆ ఇంట్లో ఎనిమిది నెలలు. బడి, నాన్న పనులు, అమ్మ మోకాళ్ళ నొప్పి. సంవత్సరాంత పరీక్షల రోజులు. ఒక పొద్దున నాన్న ఒళ్ళు తుడిచి, దుప్పటి మార్చి, బడికి బయల్దేరబోతున్నాను. మళ్ళీ పాడయింది. తిరిగి వచ్చి నీళ్ళ బకెట్టు పెట్టుకుని మొదలుపెట్టాను. నేను రోజూ ఎక్కే ఆటో వెళ్ళిపోయిన చప్పుడు వినపడింది. నాన్న నా వైపు చూసి ఆ మాట అన్నారు. సిగ్గుతో అన్నారేమో. నన్ను వెళ్ళమని అన్నారేమో. అమ్మయితే పోల్చుకునేది.

"నువ్వే చావు" అన్నాను నేను.

గట్టిగా కూడా అనలేదు. చాలా మామూలుగా, పళ్ళ బిగువున అన్నాను. నా జీవితంలో నాన్నను 'నువ్వు' అన్నది అదొక్కసారే. నాన్న మొహంలో ఏం మార్పు వచ్చిందో నాకు తెలియదు, నేను చూడలేదు. దుప్పటి మార్చి, చేతులు కడుక్కుని బడికి వెళ్ళిపోయాను. ఆ రోజు ఏడో తరగతి పిల్లలకు పాఠం కూడా చెప్పాను.

తొమ్మిది రోజులకు నాన్న పోయారు. చివరి రెండు రోజులూ నోట ఆ మాట కూడా రాలేదు.

డాక్టరు చెప్పింది నేను చాలాసార్లు తలుచుకున్నాను. నాన్న అన్నది జబ్బు అనిపించిన మాట. నాకు ఏ జబ్బూ లేదు. పిల్లలకు మర్యాద వాచకాలు బోర్డు మీద రాసి నేర్పే మనిషిని. నాన్నను లోలోపల ఏళ్ళ తరబడి నిలదీసిన మనిషిని. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, చాలాకాలంగా నాలుక కిందే ఉన్నట్టు వచ్చింది.

ఏడాది తర్వాత, ఉండబట్టలేక, అమ్మకు చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"విన్నాను. వంటగదిలోనే ఉన్నాగా" అంది.

"నాన్నకు వినపడిందంటావా?"

"వినపడింది. నువ్వు వెళ్ళాక చాలాసేపు తలుపు వైపే చూస్తూ పడుకున్నారు. నన్ను ఏమీ అడగలేదు, నీళ్ళు కూడా." చేతిలోని కాయ ఒలిచింది. "సాయంత్రం నువ్వొచ్చి దుప్పటి కప్పితే నీ చెయ్యి పట్టుకున్నారు కదే. గుర్తులేదూ?"

గుర్తులేదు. ఆ సాయంత్రం దిద్దాల్సిన పేపర్ల కట్టలు గుర్తున్నాయి, కరెంటు పోయి రావడం గుర్తుంది. నాన్న నా చెయ్యి పట్టుకోవడం మాత్రం గుర్తు రావడం లేదు. పట్టుకునే ఉంటే, నేను ఎంతసేపు ఆ చెయ్యి అక్కడ ఉంచానో అమ్మను అడగాలనుకున్నాను. అడగలేదు. చిక్కుడుకాయలు అయిపోగానే ఆమె తొక్కలు చేటలో ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.